చదువున వెనుకబడిన బిడ్డలు - తల్లుల తోడ్పాటు

అయిదవ తరగతిలో కూర్చుండియున్న బిడ్డ రెండవ తరగతి వాచకములోని చిన్నకథను చదువలేకపోవుట మన దేశమున నేడు అరుదైన సంగతి కాదు. ప్రథం అను సంస్థవారు గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచి, 2005వ సంవత్సరము మొదలుకొని అసర్ అను పేర నివేదికలు వెలువరించుచున్నారు. ఆ లెక్కల ప్రకారము 2018లో గ్రామములందలి అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగమునకు రవంత మాత్రమే ఎక్కువ. కరోనా కాలమున బడులు మూతపడి తిరిగి తెరచిన పిదప, 2022లో వారి సంఖ్య నూటికి 42.8కి దిగజారెను. 2024లో 48.8కి కోలుకొనెను. అనగా ఇప్పటికిని ఇంచుమించు ఇద్దరు పిల్లలలో ఒకరు ఆపాటి చదువైనను లేకయే ప్రాథమిక పాఠశాల గడప దాటుచున్నారు.

సోదరీమణులారా! ఇది ప్రభుత్వమువారును ఉపాధ్యాయులును చూచుకొనవలసిన లెక్క యని మనము ఊరకుండరాదు. ఆరవ తరగతికి పోయిన పిమ్మట బిడ్డ సాంఘికశాస్త్రమైనను, విజ్ఞానశాస్త్రమైనను, కడకు గణితములోని లెక్కయైనను చదివియే తెలిసికొనవలెను. చదువు రాని బిడ్డకు అచట ప్రతి గంటయు అవమానమే. కొన్ని మాసములు ఓర్చుకొనును. పిమ్మట కడుపునొప్పి యనును, తలనొప్పి యనును. తుదకు బడికి పోనని మొండికెత్తును. మగపిల్లవాడైనచో ఏ కూలికో, ఏ దుకాణమునకో కుదురును. ఆడపిల్లయైనచో “దీనికి చదువు అబ్బలేదు, పెండ్లి చేసివేయుదము” అను మాట ఇంట పుట్టును. చదువలేకపోయిన ఆ చిన్నకథ ఒక బాలిక బ్రతుకునే మలుపు త్రిప్పుచున్నది. కావున ఇది మన ఇంటి సంగతియే.

బిడ్డ మొద్దు కాదు

ఇట్టి పిల్లలను “మొద్దు” అని పిలుచుట మనలో పరిపాటి. అంతకంటె అన్యాయమైన మాట వేరొకటి లేదు. విచారించి చూచినచో సాధారణముగా జరిగియుండునది ఇది. ఒకటవ తరగతిలో జ్వరము వలననో, తల్లిదండ్రులు పనులకై వలస పోవుట వలననో బిడ్డ కొన్ని నెలలు బడికి పోయియుండదు. గుణింతములు నేర్పిన దినములలో ఆ బిడ్డ లేదు. తిరిగి వచ్చునప్పటికి తరగతి ఒత్తులకు పోయినది. మరుసటి యేట వాచకము మారినది. నిచ్చెనలో రెండు మెట్లు విరిగియుండగా, పైమెట్టున నిలిచి “ఎక్కి రమ్ము” అని పిలిచిన లాభమేమి? వయస్సునుబట్టి తరగతి పెరుగుచుండును. చదువు మాత్రము విరిగిన మెట్టుకడనే నిలిచిపోవును.

అదియునుగాక, మన లిపి నేర్చుకొనుటకు కాలము పట్టును. ఆంగ్లమునకు ఇరువదియారు అక్షరములు. మనకు అచ్చులు, హల్లులు వచ్చినంత మాత్రమున చదువు రాదు. గుణింతములతో, ఒత్తులతో కూడి వందలకొలది రూపములు ఏర్పడును. మ-య, ఘ-ఝ, డ-ద, ప-వ, థ-ధ వంటి జంటలు చిన్నకన్నులను తికమక పెట్టును. త, న, మ, య, ర, ల మొదలగువాని ఒత్తులకు అసలు అక్షరములతో పోలికయే యుండదు. “స్త్రీ”, “రాష్ట్రము” వంటి మాటలలో రెండేసి ఒత్తులు ఒకచోట చేరును. మన లిపికి తోబుట్టువగు కన్నడ లిపిని పిల్లలు నేర్చు తీరును సోనాలీ నాగ్ అను విదుషి పరిశోధించి, అక్షరరూపములన్నియు పట్టుబడుటకు నాలుగైదు తరగతుల వరకు కాలము పట్టుచున్నదని 2007లో వెల్లడించినది. తెలుగునకును ఇది వర్తించునని తలచుట తప్పు కాదు. మూడవ తరగతి పిల్లవాడు “ద్వారము” అను మాటకడ తడబడినచో అది బుద్ధిలోపము కాదు. ఇంకను అభ్యాసము కావలెనని అర్థము. ఇక ఇంట కోయ, గోండి, సవర, లంబాడీ, ఉర్దూ భాషలు మాటలాడు పిల్లలకు భాషయు లిపియు రెండును క్రొత్తవే. వారికి మరింత ఓపిక చూపవలెను.

తరగతిని గాక మెట్టును చూచుట

ఈ పిల్లలకు చేయవలసిన చికిత్స క్రొత్తది కాదు, పరీక్షింపబడినదే. దినమున ఒక గంటసేపు తరగతుల గోడలను మరచి, ఎవరు ఏ మెట్టున నున్నారో ఆ మెట్టువారి నొకచోట చేర్చి, అచటినుండి చదివించుటయే ఆ చికిత్స. ప్రథం సంస్థవారు ఈ పద్ధతిని పెక్కు రాష్ట్రములలో నడపిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు అర్థశాస్త్రజ్ఞులు దాని ఫలితములను ఏండ్ల తరబడి కొలిచి చూచిరి. వీరిరువురకును, మైకేల్ క్రేమర్‌కును 2019లో నోబెల్ బహుమానము లభించెను. హర్యానాలో 2012-13 సంవత్సరమున బడి ఉపాధ్యాయులే ఇట్లు దినమునకొక గంట ప్రత్యేకించి నడుపగా పిల్లల హిందీ చదువు మెరుగుపడినది. తెలంగాణమున ప్రాథమిక తరగతుల పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కించుట గట్టిపరచుటకై 2022లో “తొలిమెట్టు” అను కార్యక్రమము ఆరంభింపబడినది. మనమడుగునది ఆకాశకుసుమము కాదని దీనివలన తెలియుచున్నది.

పాఠశాలవారు చేయవలసిన ఏర్పాటు

మొదటిది పరీక్ష. బడులు తెరచిన జూన్ మాసముననే మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను ఒక్కొక్కరినే ప్రక్కకు పిలిచి, ఒక చిన్న కాగితము చదివింపవలెను. అందు కొన్ని అక్షరములు, కొన్ని చిన్న పదములు, నాలుగు వాక్యముల పేరా, ఒక చిన్నకథ యుండిన చాలును. ఒక్కొక్కరికి అయిదారు నిమిషములకంటె పట్టదు. బిడ్డ ఎచట సుళువుగా చదివి ఎచట ఆగిపోవునో అదియే ఆ బిడ్డ మెట్టు. ఇందు మార్కులు లేవు. తోటివారియెదుట చదివించుట కూడదు.

రెండవది జట్లు చేయుట. ఒక బడిలో ఆ మూడు తరగతులకును కలిపి నలువదిమంది పిల్లలున్నారనుకొందము. పరీక్షింపగా పదిమంది అక్షరములకడ, పండ్రెండుగురు పదములకడ, పదిమంది పేరాకడ ఆగిరి. ఎనిమిదిమంది కథ చదివిరి. అక్షరముల జట్టునకు అందరికంటె అనుభవముగల ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో ఉండవలెను. లోకరీతి దీనికి విరుద్ధము. బాగుగా చదువువారికే మంచి గురువు నిత్తుము. కథ చదువగలిగినవారికి పుస్తకములిచ్చి తమంత తాము చదువుకొనుమనవచ్చును. వారిలో పెద్దవారు పదముల జట్టునకు సాయపడవచ్చును. అయిదవ తరగతివానిని అక్షరముల జట్టులో కూర్చుండబెట్టునప్పుడు మాత్రము అతని మానము కాపాడవలెను. జట్లకు అంకెలు పెట్టక పూల పేరులో, పక్షుల పేరులో పెట్టుట మేలు.

మూడవది కాలము. ఆ గంట ప్రతిదినమును ఒకే వేళకు జరుగవలెను. దానిని ఏ ఉత్సవమునకును, ఏ లెక్కల పనికిని బలిపెట్టరాదు. ఆరేడు వారములకొకసారి మరల చదివించి చూచి, మెట్టెక్కినవారిని పైజట్టునకు మార్చవలెను. ఆగస్టు నెలలో ఒకసారి, దసరాకు ముందొకసారి, సంక్రాంతికి ముందొకసారి ఈ పరిశీలన జరిగినచో, ఏ బిడ్డయు ఒకే జట్టులో ఏడాదియెల్ల మిగిలిపోదు.

సభలు చాలవు, పని కావలెను

ఇక మన వంతు. మొదట ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. తల్లిదండ్రులను సభకు పిలిచి, టీ ఇచ్చి, ఉపన్యాసము వినిపించి పంపినంత మాత్రమున పిల్లలకు చదువు రాదు. ఉత్తరప్రదేశములోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06 సంవత్సరములందు దీనిని పరీక్షించిరి. కొన్ని గ్రామములలో సభలు జరిపి, బడి సంఘమునకు గల అధికారములను, పిల్లల చదువు స్థితిని వివరించిరి. దానివలన బడులలో గాని, చదువులో గాని మార్పు రాలేదు. వేరు కొన్ని గ్రామములలో ఊరి యువతీయువకులకు చదువు నేర్పు విధము బోధించి, బడివేళ గాక శిబిరములు పెట్టించిరి. ఆ శిబిరములకు వచ్చిన పిల్లల చదువు చక్కగా మెరుగుపడెను. కారణము స్పష్టము. మొదటివారికి సమాచారము మాత్రము అందినది. రెండవవారికి చేయదగిన పని యొకటి చేతికి అందినది.

ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7వ తేదీని ప్రభుత్వ పాఠశాలలలో ఒకేదినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిపిరి. అట్టి సమావేశములు మంచివే. కాని తల్లి ఇంటికి తిరిగి వచ్చునప్పుడు “నేటి రాత్రినుండి నేను చేయవలసినది ఇది” అను నిశ్చయముతో రావలెను. ఆ పని ఏదియో ఇక చెప్పుదును.

పది నిమిషముల పని

ముప్పదిమంది పిల్లలు గల తరగతిలో నలువది నిమిషముల పాఠము జరుగునప్పుడు, ఉపాధ్యాయుడు మరే పనియు చేయక ప్రతి పిల్లవానిచేతను బిగ్గరగా చదివించినను, ఒక్కొక్కరికి ఒక నిమిషము ఇరువది సెకండ్లు దక్కును. చదువు అభ్యాసముచేత వచ్చునది. ఆ అభ్యాసమునకు బడిలో చోటు లేదు. ఇంట దినమునకు పది నిమిషములు బిడ్డ చదువగా తల్లి వినినచో, చట్టము చెప్పిన రెండువందల పనిదినములకు రెండువేల నిమిషములు, అనగా ముప్పదిమూడు గంటలకు పైగా అగును. ఏ ట్యూషనుకును తీసిపోని సాయమిది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

“మాకే చదువు రాదు గదా, మేమెట్లు చదివింతుము?” అని పెక్కుమంది తల్లులు అడుగుదురు. వారు తప్పక వినవలసిన వృత్తాంతమొకటి కలదు. లండన్ నగరములోని హారింగే అను ప్రాంతమున 1976 మొదలు 1978 వరకు కొన్ని బడులలో ఒక ప్రయత్నము జరిగెను. అచట వివిధ దేశములనుండి వచ్చి స్థిరపడిన శ్రామిక కుటుంబములు మెండు. కొందరు తల్లిదండ్రులకు ఆంగ్లము చదువుట రాదు. కొందరకు మాటలాడుటయు అంతంత మాత్రమే. ఒక జట్టు పిల్లలు బడినుండి పుస్తకము తెచ్చుకొని ఇంట తల్లిదండ్రులకు చదివి వినిపించునట్లు ఏర్పాటు చేసిరి. మరియొక జట్టునకు బడిలోనే ప్రత్యేకముగా ఒక ఉపాధ్యాయినిచేత అదనముగా చదివించిరి. తల్లిదండ్రులకు చదివి వినిపించిన పిల్లలే బాగుగా ముందునకు పోయిరి. ఈ ఫలితములను టిజార్డ్, స్కోఫీల్డ్, హ్యూయిసన్ అనువారు 1982లో ప్రకటించిరి. చదువు రాని తల్లియు బిడ్డ చదువునకు ఊతమీయగలదనుటకు ఇంతకంటె నిదర్శనము ఏమి కావలెను?

అట్టి తల్లి చేయవలసినది బోధించుట కాదు, వినుట. బిడ్డ చదువగలిగిన పుటకే ఉపాధ్యాయిని గుర్తుపెట్టి పంపవలెను. క్రొత్తపాఠమును ఇంటికి పంపుట బిడ్డకును తల్లికిని శిక్ష. పొయ్యికడ కూరలు తరుగుచునో, బియ్యములో రాళ్లు ఏరుచునో బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుమనుడు. ప్రతి మాటక్రింద వ్రేలు పెట్టించుడు. బిడ్డ నిజముగా చదువుచున్నదా, వల్లెవేసినది అప్పగించుచున్నదా అని మీకు అక్షరము రాకున్నను కనిపెట్టవచ్చును. వ్రేలును గొంతును కలిసి నడుచుచున్నవో లేదో చూడుడు. పుటను చూడక మీ మొగము చూచుచు గడగడ చెప్పినచో అది కంఠస్థమే. పుట నడుమ ఒక మాటమీద మీరే వ్రేలుంచి “ఇది యేమి?” యని అడుగుడు, “ఈ మాటయే మరెచటనైన నున్నదేమో చూపుము” అనుడు. చదువు వచ్చిన బిడ్డ చూపును. ముగించిన పిమ్మట “అందేమున్నది? నాకు చెప్పుము” అనుడు. తల్లికి కథ చెప్పునప్పుడు బిడ్డ గురువగును. ఆ గౌరవము బడిలో ఆ బిడ్డకు దొరకనిది.

చదువు వచ్చిన తల్లులకు ఒక మాట. బిడ్డ తడబడిన వెంటనే మాట అందీయకుడు. మనస్సులో అయిదు అంకెలు లెక్కించు వరకు ఆగుడు. అప్పటికిని రాకున్న, ఆ మాటను మీరే మెల్లగా చదివి, బిడ్డచేత ఒకసారి అనిపించి ముందునకు సాగుడు. కసరుట, ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చుట, తండ్రి వచ్చినప్పుడు చాడీ చెప్పుట - ఈ మూడును మానవలెను. పది నిమిషములు కాగానే, బిడ్డ ఇంకను ఉత్సాహముగా నున్నప్పుడే, ఆపివేయుడు.

తల్లుల కొంగున మూట

చదువు రాని తల్లులకడ చదువుకొన్నవారికి లేని సంపద యొకటి కలదు. లాలిపాటలు, పొడుపుకథలు, సామెతలు, పండుగల కథలు, తమ ఊరి ముచ్చటలు వారి నోటినే యున్నవి. నెలకొకమారు అట్టి తల్లులను బడికి పిలిచి, వారు చెప్పిన కథను పెద్దతరగతి పిల్లలచేత పెద్ద అక్షరములతో కాగితములపై వ్రాయించి, ఆ కాగితములను కుట్టినచో అదియే ఒక వాచకమగును. ఎరిగిన కథ, ఎరిగిన మాటలు. బిడ్డ సగము పోలికతోడనే చదివివేయును. “ఇది మా అమ్మ చెప్పిన కథ” అని చదువు బిడ్డ గర్వమును వేరుగా వర్ణింపనేల? ఇంట వేరుభాష మాటలాడు తల్లుల కథలను వారి భాషలోనే తెలుగులిపితో వ్రాసి చదివించుట మరింత మేలు.

కూలికి తెల్లవారుజామున పోయి చీకటిపడిన పిమ్మట వచ్చు తల్లికి పది నిమిషములును బరువే యని ఎరుగుదుము. ఆ ఇంట తాతయో, నాయనమ్మయో, అక్కయో వినవచ్చును. తండ్రి వినుటకు అభ్యంతరమేమి? బిడ్డ చదువు తల్లి యొక్కతె తలకెత్తుకొనవలసిన మోపు కాదు. ఇంట నెవరును లేని పిల్లలకై ఒక వీధిలోని ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులు వేసికొని, సాయంకాలము ఒక అరుగుమీద వారిని కూర్చుండబెట్టుకొనవచ్చును.

గుర్తుంచుకొనదగినవి

ఎంత చదివించినను రెండుమూడు మాసములలో మార్పు కనబడనిచో మొదట బిడ్డ కంటిచూపును, వినికిడిని వైద్యునకు చూపుడు. నల్లబల్ల కనబడక మొద్దనిపించుకొన్న పిల్లలు పెక్కుమంది గలరు. చూపును వినికిడియు బాగుగానున్నను అక్షరములు తారుమారగుచునే యున్నచో, డిస్లెక్సియా అను చదువునకు సంబంధించిన ప్రత్యేక వైకల్యమేమో తెలిసికొనవలెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమున దానికి చోటు గలదు. అట్టి పిల్లలు తగిన సాయము పొందుటకు హక్కుదారులు. తాయెత్తులవలన గాని, దండనవలన గాని అది పోదు.

మరియు, ఈ ఏర్పాటును కోరుట దయాభిక్ష యడుగుట కాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి బిడ్డయొక్క నేర్చు శక్తిని ఉపాధ్యాయుడు పరిశీలించి, కావలసినచో అదనముగా బోధింపవలెనని విధించినది. ఆ చట్టము క్రింద ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులమంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెను. ఆ స్థానములు మనవి. అచట కూర్చుండి సంతకము చేసి వచ్చుటతో తృప్తి పడక, మూడు ప్రశ్నలు అడుగుడు. మన బడిలో ఎందరు పిల్లలు ఏ మెట్టున నున్నారు? వారికై దినమున ఏ గంట ప్రత్యేకించితిరి? గడచిన పరీక్షకును ఇప్పటికిని ఎందరు మెట్టెక్కిరి? ప్రతినెలయు ఈ మూడింటికిని జవాబు వినగోరు తల్లులున్న బడిలో ఏ బిడ్డయు కనబడక మరుగున పడిపోదు.

ఊరి స్త్రీలు కూడి తలపెట్టిన పని ఎంతవరకు పోగలదో తెలుగునాట మనము చూచినదే. నెల్లూరు జిల్లాలో రాత్రిబడులలో అక్షరములు దిద్దిన స్త్రీలు 1992లో సారాయి దుకాణములను మూయించు ఉద్యమమునకు లేచిరి. మరుసటి యేట ప్రభుత్వము సారాయిని నిషేధించెను. అంత కార్యము సాధించినవారికి తమ వీధి పిల్లలచేత ఒక కథ చదివించుట ఒక లెక్కా?

కావున సోదరీమణులారా! మీ బిడ్డ ఏ తరగతి చదువుచున్నదని అడిగిన తక్షణమే చెప్పుదురు. ఏ మెట్టున నున్నదని అడిగినచో చెప్పగలరా? నేటి సాయంకాలమే బిడ్డను ప్రక్కకు పిలిచి, పుస్తకము తెరపించి, ఒక పుట చదివించి వినుడు. ఆగినచోట కోపింపక, ఆ చోటును గుర్తుంచుకొని రేపు బడికి పోయి ఉపాధ్యాయినితో చెప్పుడు. చదువున వెనుకబడిన బిడ్డను ముందునకు తెచ్చు పని అచటనే మొదలగును.